అంకుడు కర్ర పిడి

మా మేనల్లుడు టెక్సాస్‌లో తన కారు షెడ్డులో విమానం కడుతున్నాడు. కారు బయట ఎండలో ఉంటుంది, విమానం లోపల నీడపట్టున ఉంటుంది. మూడేళ్లుగా ఇదే వరస. పోయిన నెల వాట్సాప్‌లో ఒక డ్రాయింగు పంపి, "మావయ్యా, ఏటికొప్పాకలో ఇది చేయించి పంపవా?" అన్నాడు. విమానం నడిపేవాడు కాళ్ల మధ్య నుంచి లేచిన ఒక గొట్టాన్ని పట్టుకుని అటూ ఇటూ వంచుతాడు కదా, కంట్రోల్ స్టిక్, దాని తలకు తొడిగే పిడి అది. అమెరికాలో రబ్బరువి, ప్లాస్టిక్‌వి బోలెడు దొరుకుతాయి. వాడికి మాత్రం అంకుడు కర్రదే కావాలి. పుట్టింది ఎలమంచిలిలో. ఆ మాత్రం తిక్క ఉంటుంది.

ముందురోజు సాయంత్రం నెట్ సెంటర్‌కి వెళ్లి ఆ డ్రాయింగు ప్రింటు తీయించుకున్నాను. ఆ కాగితం సంగతి తరవాత చెప్తాను.

పొద్దున్నే విశాఖపట్నంలో ఆగి ఆగి పోయే బండి ఎక్కాను. మర్రిపాలెం దాటగానే ఒక విమానం తల మీంచి దిగుతూ కనిపించింది. మా ఊరి విమానాశ్రయం నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా. ప్రయాణికుల విమానాలకూ, నేవీ విమానాలకూ ఒకటే రన్‌వే. పక్క సీటాయన కిటికీలోంచి దాన్ని చూసి, "పుష్పక విమానం నాటికే ఇవన్నీ మన దగ్గరున్నాయండీ, పుస్తకంలో బొమ్మలతో సహా ఉంది" అన్నాడు. ఆ పుస్తకం, 'వైమానిక శాస్త్రం', దానిలోని బొమ్మల్ని 1974లో బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు లెక్క కట్టి చూసి, ఇవి ఎగరవని తేల్చారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆయన వేరుశెనక్కాయల పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. ఊరుకున్నాను.

సింహాచలం దగ్గర మా బండిని పక్కన పెట్టి ఒక గూడ్సుకి దారిచ్చారు. పైన మూతలున్న వ్యాగన్లు, వాటి ఒంటి మీద తెల్లటి పిండి చారికలు. ఒడిశాలో దామంజోడి దగ్గర బాక్సైటు తవ్వి, శుద్ధి చేసి, నాల్కో వాళ్లు అల్యూమినా పొడిని విశాఖ పోర్టుకి పంపుతారు. ఓడలెక్కి వెళ్లే ఆ పొడి ఏ దేశంలోనో కరిగి, అల్యూమినియమై, రేకై ఎక్కడికైనా చేరుతుంది. మావాడి షెడ్డులో రెక్కకి వేసిన రేకులో మా పోర్టు మీదుగా పోయిన పిండి ఒక చిటికెడైనా ఉండకపోతుందా అనిపించింది. రుజువు లేదు, ఊరికే అనిపించింది.

విమానం కడుతున్నాడంటే జనం రెండు రకాలుగా చూస్తారు. పిచ్చివాడనో, మహా మేధావనో. రెండూ కాదు. వాడు కొన్నది కిట్. ఒరెగాన్ రాష్ట్రంలో వ్యాన్స్ అనే కంపెనీ ఉంది. రిచర్డ్ వ్యాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజనీరు 1973లో పెట్టాడు. వాళ్ల పెట్టెల్లోంచి తీసి జనం ఇళ్ల దగ్గర కట్టుకుని ఎగరేసినవి ఇప్పటికి 11 వేలు దాటాయి. పెట్టెలో ఏముంటాయంటే: రేకులు, పక్కటెముకల్లాంటి రిబ్బులు, సంచుల నిండా రివెట్లు, ఇంత లావు పుస్తకం. ఇంజను, ప్రొపెల్లరు, మీటర్లు మళ్లీ వేరే కొనుక్కోవాలి. ముందు తోక పెట్టె వస్తుంది. తోక చిన్నది, చెడిపోయినా తక్కువలో పోతుంది, ఈలోగా చెయ్యి తిరుగుతుంది. తరవాత రెక్కలు, ఆ తరవాత ఒళ్లు. పది వేలకు పైగా రివెట్లు. సాయంత్రాలూ, శనాదివారాలూ కలిపి పదిహేను వందలో, రెండు వేలో గంటల పని.

తోక అంటే గుర్తొచ్చింది. హైదరాబాదు పక్కన ఆదిబట్లలో సి-130జె రవాణా విమానాల తోకలు తయారవుతాయి, అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు కూడా. అంటే మన పిల్లలు షిఫ్టుల లెక్కన విమానం రివెట్లు కొడుతూనే ఉన్నారు. ఇంటికొచ్చి, భోంచేసి, తన కోసం ఇంకో నాలుగు కొట్టుకునే అలవాటే మన ఊళ్లకి ఇంకా రాలేదు.

ముక్కలు కలిపితే విమానమవుతుందన్నది నాకు మాత్రం వింత కాదు. 2017లో ఆర్కే బీచ్ రోడ్డు పక్కన కళ్లారా చూశాను. ఇరవై తొమ్మిదేళ్లు నౌకాదళంలో పనిచేసిన టీయూ-142 ఆ ఏడాది ఏప్రిల్‌లో అరక్కోణం నుంచి తన రెక్కల మీద తానే ఎగిరొచ్చింది. వచ్చాక విప్పేశారు. యాభై మీటర్ల రెక్కలది ఊళ్లో రోడ్ల మీద ఎలా నడుస్తుంది మరి. ముక్కలుగా ట్రెయిలర్ల మీద బీచ్‌కి తెచ్చి, మళ్లీ కలిపారు. డిసెంబరు 7న రాష్ట్రపతి కోవింద్ వచ్చి మ్యూజియంగా ప్రారంభించారు. కలుపుతున్న రోజుల్లో పొద్దుటి నడకకి వెళ్లి, రెక్క లేని ఆ ఒంటిని చూస్తూ నిలబడేవాణ్ణి. తోక ఒకచోట, ముక్కు ఒకచోట, మధ్యలో టీ తాగుతున్న పనివాళ్లు. ముప్ఫై వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిన యంత్రం అని బోర్డు పెట్టక ముందు అది ఎవరో ఇల్లు మారుతూ దించిపెట్టిన సామానులా ఉండేది.

దువ్వాడలో స్టీల్‌ప్లాంటు జనం దిగారు. తాడి, అనకాపల్లి, కశింకోట, బయ్యవరం. అక్కడి నుంచి చెరుకు తోటలు. నర్సింగపల్లి దాటితే ఎలమంచిలి, మా అక్క వాళ్ల ఊరే.

"ఒరే, వచ్చీసేవా" అంది అక్క గుమ్మంలోనే. "టిఫిను తినీసి మాటాడు. ఆ గాలి మోటారు గోల తరవాత."

బావ అరుగు మీద ఫోను పట్టుకుని కూర్చున్నాడు. స్టీల్‌ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు పంపే వీడియోలు రోజూ చూస్తాడు. చూడ్డమంటే మనలా కాదు. ఆపుతాడు, రెండు వేళ్లతో పెద్దది చేస్తాడు, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి దగ్గరగా పెట్టుకుంటాడు. ఆ పూట కూడా ఒకటి ఆపి నాకు చూపించాడు.

"ఈ వరసలో ఎడం చేతి నుంచి నాలుగోది సూడు. తల పక్కకి పోనాది."

నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. అప్పుడు విడమరచి చెప్పాడు. రివెట్ అంటే మెత్తటి అల్యూమినియం మేకు. ఒక పక్క తల ఉంటుంది, రెండో పక్క ఉత్త తోక. తల మీద గాలి సుత్తితో టకటకా కొడుతుంటే, తోక వెనకాల ఎవరో ఒకరు బరువైన ఉక్కు దిమ్మ ఆన్చి పట్టుకోవాలి. ఫిట్టర్లు దాన్ని డాలీ అంటారు. సుత్తికీ డాలీకీ మధ్య నలిగి తోక చదునై రెండో తల అవుతుంది. రివెట్ లావు 3.2 మిల్లీమీటర్లయితే ఆ కొత్త తల వెడల్పు 4.8 రావాలి, ఎత్తు 1.6 ఉండాలి. ఎక్కువ కొడితే రేకు ఉబ్బుతుంది, తక్కువ కొడితే పట్టు ఉండదు, డాలీ ఒరిగితే తల ఒరుగుతుంది. ఒరిగినదాన్ని తొలిచి తీసి కొత్తది వెయ్యాలి. తీసేటప్పుడు డ్రిల్లు బిట్టు పక్కకి జారిందా, చిల్లు పెద్దదవుతుంది. అప్పుడు లావు రివెట్ వెయ్యాలి. "సెడ్డదాన్ని తీయబోయి మంచి రేకు పాడు సేసుకుంటారు కొత్తోళ్లు. ఏది వదిలీయాలో, ఏది తీసీయాలో తెలిసినోడే ఫిట్టరు."

మా కోడలే అక్కడ డాలీ పట్టేది. ఆవిడ చెయ్యి సన్నం, తోక లోపలి మూలకి దూరుతుంది. వాడు సుత్తి, ఈవిడ డాలీ. చెవులకి ఇద్దరికీ మూతలు, కాబట్టి మాటల్లేవు. ఒక తట్టు తడితే మళ్లీ కొట్టు, రెండు తడితే చాలు. పెళ్లయిన పదేళ్లకి ఇంత సఖ్యంగా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారట.

వీడియోలో ఆ డాలీ చూశాక బావ గొంతులో కాస్త గర్వం వినిపించింది. విమానంలో ఉక్కు ఉండేది తక్కువే, అంతా అల్యూమినియం. అయినా ఒక్కో రివెట్ వెనకా ఒక క్షణం ఉక్కు నిలబడి పక్కకి తప్పుకుంటుంది.

"ఒకపాలి ఇటు రా" అంది అక్క వంటింట్లోంచి. "ఆ విమానంలో ఏదో రాసి అంటించాలంట కదా, నిజమేనా?"

నిజమే. అమెరికాలో ఇంట్లో కట్టిన విమానం లోపల కూర్చునేవాళ్లకి కనిపించేలా ఒక హెచ్చరిక అంటించాలి: ఇది ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానాలకుండే భద్రతా నిబంధనల ప్రకారం తయారైంది కాదు అని. ఎక్కే చోట పెద్ద అక్షరాలతో 'ఎక్స్‌పెరిమెంటల్' అని కూడా ఉండాలి. మేనల్లుడు నవ్వుతూ చెప్పిన ఆ ముక్క తల్లి గుండెలో ముల్లులా దిగబడింది.

ధైర్యం చెబుదామని నాకు తెలిసిన కథ మొదలుపెట్టాను. అది తప్పు కథ అని సగంలో తెలిసింది. 1934లో ఫ్రాన్సులో ఆన్రీ మిన్యే అనే ఆయన ఎవరైనా ఇంట్లో కట్టుకోగల బుల్లి విమానం గురించి పుస్తకం రాశాడు. దాని పేరుకి అర్థం 'ఆకాశపు పేను'. ఫ్రాన్సులో, ఇంగ్లండులో జనం ఎగబడి కట్టారు. కొన్ని ముక్కు కిందికి దిగాక మళ్లీ పైకి లేవలేదు, మనుషులు పోయారు. 1936లో గాలి సొరంగంలో పెట్టి చూస్తే, ముందు రెక్క, వెనక రెక్క మరీ దగ్గరగా ఉండి, ఒక కోణం దాటాక కర్ర ఎంత లాగినా ముక్కు లేవదని బయటపడింది.

అక్క గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది.

"అది అప్పుడక్కా" అన్నాను. "ఇప్పుడలా కాదు. మొదటిసారి ఎగిరే ముందు సర్కారు తరఫు మనిషి వచ్చి చూస్తాడు. మధ్యమధ్యలో అనుభవం ఉన్నవాళ్లు వచ్చి మూత వెయ్యకముందు లోపల చూసి పోతారు. ఆ తరవాత కూడా మొదటి పాతికో, నలభయ్యో గంటలు ఊళ్ల మీదకి పోకుండా పరీక్షగా ఎగరాలి, చుట్టాల్నీ పక్కాల్నీ ఎక్కించుకోకూడదు. ఇంకో సంగతి, అందులో సగానికి పైగా పని తన చేత్తోనే చెయ్యాలి. యాభై ఒక్క శాతం అంటారు. డబ్బులిచ్చి వేరేవాళ్ల చేత కట్టించుకుంటే ఒప్పుకోరు."

"మరి ఏటికొప్పాక వాళ్లది ఎంత శాతం?" అంది అక్క. లెక్కలు ఆవిడకి ఎప్పుడూ బాగానే వచ్చు.

బావ చొక్కా మార్చుకున్నాడు. సంచిలో ఒక గొట్టం ముక్క, జేబులో వెర్నియర్ పెట్టుకుని "పద" అన్నాడు.

ఆటోలో దారంతా ఆయనది ఒకటే ప్రశ్న. ఈ పని ఇక్కడే చేసుంటే? ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన సంగతి చెప్పాను. అది కిట్ కూడా కాదు, సొంత డిజైను. 2016లో జనానికి చూపించాడు, 2017లో వీటీ-ఎన్ఎండీ అని రిజిస్టరైంది, ఎగరడానికి అనుమతి కాగితం 2019లో చేతికొచ్చింది. లాక్‌డౌన్‌లో ఇంగ్లండులో దక్షిణాఫ్రికా కిట్ తెప్పించుకుని నాలుగు సీట్లది కట్టిన ఆలప్పుళ ఇంజనీరు సంగతీ చెప్పాను. కూతురి పేరు రిజిస్ట్రేషన్ నంబరులో కలిసొచ్చేలా పెట్టుకున్నాడాయన. రెండూ విని బావ, "ఇక్కడ మేడలున్నాయి, ఫిట్టర్లున్నారు. ఎగరడానికి సోటేదీ? డేగాలో నేవీవోళ్లు కూకోనిత్తారా మనల్ని" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చెరుకు తోటల మధ్య ఆటో గతుకుల్లో పడి లేచింది.

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. ఈ ఊరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పువ్వుల్లోంచి, గింజల్లోంచి, ఆకుల్లోంచి తీసిన రంగుల్ని లక్కకి మళ్లీ అలవాటు చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. ఇవన్నీ తెలిసి వెళ్లినా, మేం కూర్చున్న వసారాలో ఉన్నవి ఒక లేత్ మర, ఒక మోటారు, గోడకి ఆన్చిన అంకుడు దుంగలు, నేలంతా తెల్లటి తరుగు మాత్రమే. కొత్తగా కోసిన కొబ్బరి ముక్కలా ఉంటుంది ఈ కర్ర. చేతిలో తేలిక. గోరు నొక్కితే గుర్తు పడుతుంది.

మేస్త్రీకి నా కాగితం ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దేనికండీ ఇది?"

"విమానానికి."

"బొమ్మ ఇమానానికా? ఇంత పెద్ద పిడా?"

"బొమ్మది కాదు. మనుషులెక్కేది."

ఆయన నవ్వలేదు. కాగితం మోకాలి మీద పరిచి, నడుము దగ్గర వెడల్పు, లోపలి బొక్క వెడల్పు కేలిపర్‌తో పట్టుకుని, ఆ కొలతతోనే లేత్ మీద దుంగ ఎక్కించాడు. మోటారు తిరిగింది. ఉలి ఆన్చగానే కర్ర పొడుగాటి దారాల్లా రాలుతోంది. పిడి నడుము వంపు తిరిగి, వేళ్లు ఇమిడే చోట లోతు దిగి, పైన చిన్న గుండు వచ్చింది. తరవాత నిలువునా తొలిచాడు. గొట్టం తొడగడానికీ, రేడియో బటను తీగ పోవడానికీ నడిమధ్య ఖాళీ ఉండాలి. మొత్తం అరగంట.

బావ సంచిలోంచి గొట్టం ముక్క తీశాడు. ఒక అంగుళం లావు, 25.4 మిల్లీమీటర్లు, పొద్దున్నే కొలిచి తెచ్చాడు. పిడిలో పెట్టబోతే పోలేదు.

"కాయితం మీదున్నంతే తీసినాను బాబూ" అన్నాడు మేస్త్రీ.

బావ కాగితం లాక్కుని బొమ్మ మీద వెర్నియర్ పెట్టాడు. 24.7. పక్కన బాణం గుర్తు మీద రాసి ఉన్న అంకె 25.4. అంకె ఒకటి చెబుతోంది, గీత ఒకటి చెబుతోంది. "ఇది ఎవుడు తీసినాడు?" అన్నాడు నా వైపు చూసి.

మేనల్లుడికి ఫోను చేశాం. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా షెడ్డులోనే ఉన్నాడు. రెండు నిమిషాల్లో పట్టేశాడు. అమెరికా కాగితం వెడల్పు 216 మిల్లీమీటర్లు, మన ఏ4 వెడల్పు 210. వాడు గీసింది వాళ్ల కాగితం మీద. మన కంప్యూటరు దాన్ని మన కాగితంలో ఇమిడేలా కాస్త కుదించి ముద్రించింది. నేను సంతోషంగా పది రూపాయలిచ్చి మడతపెట్టుకుని తెచ్చాను. కాగితం మీద గీతని కొలవకూడదు, రాసిన అంకెనే నమ్మాలన్నది ప్లాంటులో చేరిన మొదటి వారంలో నేర్పే సంగతట. నేను బ్యాంకులో పని చేశాను.

బొక్క చిన్నదైతే పెద్దది చెయ్యొచ్చు కదా, మేస్త్రీ అదే చేశాడు. గొట్టం దిగింది. ఇక అయిపోయిందనుకున్నాను. బావ పిడిని వెలుగుకి ఎత్తి పట్టుకుని, వేళ్లు ఇమిడే వంపు దగ్గర బొటనవేలితో నొక్కాడు. బయట కుదించిన కొలత, లోపల పెంచిన కొలత, మధ్యలో మిగిలిన గోడ కాగితంలా ఉంది. ఆయన ఏమీ అనకముందే మేస్త్రీ తీసుకుని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, పక్కనున్న బుట్టలో పడేశాడు. ఇంకో దుంగ అందుకున్నాడు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కూడా. అరగంట పని బుట్టలో పడితే నాకే కడుపులో కలుక్కుమంది. వాళ్లకి అది ఒక రివెట్టంత.

రెండోది అంకెలు చూసి చేశాడు. ఇప్పుడు లక్క. లక్కలో రంగు కలిపి కడ్డీలు చేసి ఉంచుకుంటారు. కర్ర గిరగిరా తిరుగుతుంటే కడ్డీ ఆన్చి నొక్కుతారు, రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. పైన మొగలాకుతో అదిమి లాగితే అద్దంలా మెరుస్తుంది. ఆయన ఎర్ర కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు. ఫోనులో మేనల్లుడు "ఒక్క నిమిషం" అన్నాడు. వాడి విమానానికి పైన గాజుబుడగ లాంటి మూత. టెక్సాస్ ఎండలో మూసి పెడితే లోపల కొలిమిలా ఉంటుంది. లక్క వేడికి మెత్తబడుతుంది. చెమట చేత్తో పట్టుకుంటే?

"అంటుకుంటాది" అన్నాడు మేస్త్రీ. "మే నెల్లో మా బొమ్మలు ఎండలో పెట్టనివ్వం."

తరవాత ఇంటి దగ్గర ఈ మాట చెప్పినప్పుడు అక్క, "లక్కింట్లో పాండవుల్ని కూకోబెట్టినట్టు" అంది. వసారాలో మాత్రం ఎవరికీ భారతం గుర్తురాలేదు. మేస్త్రీ కాసేపు పిడిని చేతిలో తిప్పి, వేళ్లు పట్టే మేరంతా ఉత్త కర్రగా వదిలేసి, కింద అంచున ఒక ఎర్ర గీత, పైన గుండు కింద ఇంకొకటి వేశాడు. మొగలాకు ఆ రెండు గీతల మీదే లాగాడు. పట్టుకుని చూశాను. చెయ్యి పెట్టాల్సిన చోట చెయ్యి తానే పోయి కూర్చుంది.

డబ్బు రెండోదానికే తీసుకున్నాడు. లేవబోతుంటే, "ఆ ఇమానం ఎగిరినప్పుడు ఈడియో పంపమనండి" అని తన నంబరు బావకి ఇచ్చాడు. బావ బుట్టలోంచి మొదటి పిడి తీసి, అడగకుండానే సంచిలో వేసుకున్నాడు.

ఎలమంచిలి చేరేసరికి చీకటి పడుతోంది. అక్క కొత్త పిడిని రెండు చేతులా పట్టుకుని, ఎడం పక్కకి, కుడి పక్కకి వంచి చూసింది. తరవాత పాతదాన్ని తీసుకుని దేవుడి గూట్లో పెట్టి, పైనున్న బొక్కలో రెండు అగరొత్తులు గుచ్చింది. అవి నిలవలేదు, బొక్క పెద్దది. మధ్యలో కాస్త బియ్యం పోసి మళ్లీ గుచ్చింది.

రెండు రోజుల తరవాత విశాఖలో పోస్టాఫీసుకి తీసుకెళ్లాను. విదేశాల పార్సిలు కాబట్టి లోపల ఏముందో ఫారంలో రాయాలి. కౌంటరు అవతల అమ్మాయి డబ్బా విప్పించి చూసింది. "బొమ్మా సార్?" అంది.

"పిడి."

"దేనికి?"

వెనక క్యూలో పదిమంది ఉన్నారు. "కర్ర సామాను, ఒకటి" అని రాసిచ్చాను.